ఎంసీబీ ఆఫ్ చేశాక కూడా నల్ల వైరు షాక్ కొట్టిందేమిటి? పనికి ముందు కరెంటును నిజంగా ఎలా ఆపాలి?

మీరు రాసింది ఇదీ: బెడ్‌రూమ్‌లో పాత సీలింగ్ ఫ్యాన్ మార్చుదామని ఆ గది ఎంసీబీ, అంటే మెయిన్ డబ్బాలో ఆ గదికి ఉండే చిన్న స్విచ్, ఆఫ్ చేశారు. ఎర్ర వైరుకు టెస్టర్ పెట్టి చూస్తే వెలగలేదు. స్టూలెక్కి నల్ల వైర్ల ముడి విప్పి, రెండు కొసలూ చెరో చేత్తో పట్టుకోగానే గట్టిగా కొట్టింది, స్టూలు మీద నుంచి జారారు. కరెంటు లీకైతే దానంతటదే పడిపోయి సప్లై తెంచే ఆర్‌సీసీబీ ఉన్నా, అది పడిపోలేదు. అప్పటి నుంచి హాల్లో ఫ్యాను, టీవీ రెండూ ఆగిపోయాయి. ఇంట్లో ఇన్వర్టర్ కూడా ఉంది. ఎంసీబీ ఆఫ్ చేస్తే కరెంటు పోయినట్టు కాదా, మరి ఎలా ఆపాలి అని అడుగుతున్నారు.

ముందు ఒక పని చేసి రండి, మిగతాది తర్వాత చదవొచ్చు. హాల్ ఎంసీబీ ఆఫ్ చేయండి, ఇన్వర్టర్ ఆఫ్ చేయండి, మెయిన్ కూడా ఆఫ్ చేయండి. మీ సీలింగ్ దగ్గర వేలాడుతున్న ఆ రెండు నల్ల కొసల్లో ఒకదానిలో ఈ క్షణాన కూడా కరెంటు ఉండి ఉంటుంది. హాల్లో సాకెట్లలో కూడా రెండు రంధ్రాలూ టెస్టర్‌కు వెలుగుతుంటాయి. పిల్లలుంటే అటు వెళ్లనివ్వకండి.

ఇక మీ ప్రశ్నకు సూటి జవాబు. కాదు, ఎంసీబీ ఆఫ్ చేసినంత మాత్రాన ఆ గదిలోని వైర్లన్నీ చచ్చినట్టు కాదు. మన ఇళ్లలో గదులకు పెట్టే ఎంసీబీలు దాదాపు అన్నీ సింగిల్ పోల్. అవి ఫేజును, అంటే కరెంటు తెచ్చే ఎర్ర వైరును మాత్రమే తెంచుతాయి, దాన్ని తిరిగి తీసుకెళ్లే నల్ల వైరు, న్యూట్రల్, మాత్రం కలిసే ఉంటుంది. మీ ఇంట్లో హాల్ న్యూట్రల్‌ను వైరింగ్ చేసినతను బెడ్‌రూమ్ ఫ్యాన్ బాక్సులోంచి తిప్పి తీసుకెళ్లాడు. మీరు విప్పిన ముడి మీ ఫ్యాన్‌దే కాదు, హాల్‌ది కూడా. హాల్లో ఫ్యాను, టీవీ ఆగిపోయాయని రాశారు చూడండి, ఆ ఒక్క మాటతో నాకు మిగతా కథ తెలిసిపోయింది.

ఏం జరిగిందో వివరంగా చెబుతాను. హాల్ ఫ్యాను తిరుగుతోంది. ఫేజు హాల్ ఎంసీబీ లోంచి ఫ్యానులోకి వచ్చి, ఫ్యాను చుట్ల గుండా నల్ల వైరులోకి దిగి, మీ బెడ్‌రూమ్ ముడి దాటి, మెయిన్ డబ్బాలో నల్ల వైర్లన్నీ కలిసే పట్టీకి, న్యూట్రల్ బార్‌కు వెళుతోంది. ముడి ఉన్నంతసేపు ఆ నల్ల వైరు భూమితో దాదాపు సమానంగా ఉంటుంది, అందుకే పట్టుకున్నా ఏమీ కాదు. ముడి విప్పగానే దారి తెగింది. అప్పుడు హాల్ వైపు ఉన్న నల్ల కొసకు ఫ్యాను గుండా 230 వోల్టులు వచ్చి నిలబడతాయి. రెండో కొస న్యూట్రల్ బార్‌కు కలిసే ఉంది. రెండూ మీ చేతుల్లో ఉన్నాయి. తెగిన దారిని మీ ఒళ్లే కలిపింది. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్లే కరెంటు ఛాతీ మీదుగా పోతుంది. చాలా ప్రమాదకరమైన దారి అది. మీరు స్టూలు మీద నుంచి జారి కొసలు వదిలేయడం మీ అదృష్టం. అప్పటి నుంచి గుండె దడగా ఉన్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి.

ఆర్‌సీసీబీ ఎందుకు పడలేదంటే, అది ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. ఇళ్లలో పెట్టేది సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది. అంత తేడా వస్తే పడుతుంది. మీ విషయంలో తేడా రాలేదు. ఫేజులో వెళ్లింది, ఫ్యాను దాటింది, మిమ్మల్ని దాటింది, న్యూట్రల్‌లో తిరిగి వచ్చింది. ఆర్‌సీసీబీ కళ్లకు మీరు కూడా ఒక బల్బు లాంటివారే. ఒక చెయ్యి కొసమీద, ఇంకో చెయ్యి తడి గోడమీద ఉంటే పడేది. ఆర్‌సీసీబీ తప్పకుండా ఉండాలి, లేనివాళ్లు పెట్టించుకోండి. కానీ అది ఉందన్న ధైర్యంతో పని మొదలుపెట్టకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ముడి విప్పకముందు మీ చేతిలోని ఏ టెస్టరూ ఈ ప్రమాదాన్ని చెప్పలేదు. ఎర్ర వైరు నిజంగానే చచ్చింది. నల్ల వైరు ముడి వేసి ఉంది కాబట్టి నియాన్ టెస్టర్ వెలగదు, మల్టీమీటర్ సున్నా చూపిస్తుంది. దాన్ని పట్టించేది ఒక్క క్లాంప్ మీటరే. నల్ల వైరు చుట్టూ క్లాంప్ పెడితే, ఎంసీబీ ఆఫ్‌లో ఉన్నా లోపల కరెంటు పారుతుంటే అంకె కనిపిస్తుంది. గది ఆఫ్‌లో ఉండగా న్యూట్రల్‌లో కరెంటు పారుతోందంటే అది ఇంకెవరిదో. నా సంచిలో స్క్రూడ్రైవర్ లేకపోయినా పని నడిచిన రోజులున్నాయి గానీ, క్లాంప్ మీటర్ లేకుండా పాత ఇంట్లో నల్ల ముడి విప్పను.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. వైర్‌మన్ పర్మిట్ తీసుకుని 28 ఏళ్లవుతోంది. మొదటి ఐదారేళ్లలో నేనూ మీలాగే ఎంసీబీ ఆపి, టెస్టర్ పెట్టి, పని మొదలుపెట్టేవాణ్ని. కరీంనగర్‌లో ఒక అపార్టుమెంటులో స్విచ్‌బోర్డు మారుస్తున్నాం. నా హెల్పర్ కుర్రాడు బోర్డు విప్పి, వెనక నల్ల వైర్ల కట్ట విడదీశాడు. "అన్నా" అని ఒక్క అరుపు అరిచి వెనక్కి పడ్డాడు. చేతి మీద చిన్న తెల్లటి మచ్చ తప్ప ఏమీ కాలేదు. వాణ్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాక, టెస్ట్ ల్యాంపు తెచ్చి ఆ విడిపోయిన నల్ల కొసకూ ఎర్త్‌కూ మధ్య పెట్టాను. 60 వాట్ల బల్బు ఎర్రగా, మసకగా వెలిగింది. ఇంట్లో ఆవిణ్ని అడిగి వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను స్విచ్ ఆఫ్ చేయించాను. బల్బు ఆరిపోయింది. మళ్లీ వేయించాను, వెలిగింది. వంటింటి న్యూట్రల్ ఆ బోర్డులోంచి పోతోందని అప్పుడు అర్థమైంది. ఆ కుర్రాడికి దాన్ని నాలుగైదు సార్లు చూపించాను. ఇప్పుడు అతను సొంతంగా కాంట్రాక్టులు చేస్తున్నాడు, అతని దగ్గర పనిచేసే పిల్లలకు మొదటి రోజే ఇదే చూపిస్తాడట.

మరి "గది ఎంసీబీ బదులు మెయిన్ ఆపితే సరిపోయేదా?" అంటారేమో. మామూలు ఇంట్లో అయితే సరిపోయేది. మెయిన్ దగ్గర ఉండేది డీపీ, అంటే డబుల్ పోల్. అది ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి తెంచుతుంది. ఇంటి మొత్తానికి ఇదొక్కటే నమ్మదగిన స్విచ్. కానీ మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. మెయిన్ ఆపిన మరుక్షణం ఇన్వర్టర్ తనకు సప్లై పోయిందనుకుని బ్యాటరీ నుంచి హాల్ ఫ్యానుకు కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. దాని న్యూట్రల్ కూడా చాలా ఇళ్లలో అదే నల్ల వైరు. కాబట్టి మెయిన్ ఆపి ఉన్నా మీకు అదే షాక్ కొట్టేది. పైగా అప్పుడు కరెంటు వచ్చేది మెయిన్ దగ్గరి ఆర్‌సీసీబీని దాటుకుని కాదు, దాని తర్వాతి నుంచి. అది మీకు ఏ విధంగానూ అక్కరకు రాదు.

ఇన్వర్టర్ ముందు బటన్ గురించి కూడా చాలామంది పొరబడతారు. చాలా మోడళ్లలో ఆ బటన్ నొక్కితే బ్యాటరీ బ్యాకప్ మాత్రమే ఆగుతుంది. మెయిన్ కరెంటు ఇన్వర్టర్ గుండా దాటి ఇంట్లోకి పోతూనే ఉంటుంది. అందుకని రెండూ ఆపాలి. ముందు ఇన్వర్టర్ బటన్, తర్వాత మెయిన్. ఇన్వర్టర్ అవుట్‌పుట్ ప్లగ్గుతో ఉంటే అది కూడా పీకేయండి.

ఇంట్లో నేను పాటించే వరస చెబుతాను. ముందు నడుస్తున్నవన్నీ ఆపుతాను: ఏసీ, గీజర్, మోటారు, ఫ్యాన్లు. లోడు మీద మెయిన్ లాగితే లోపల మెరుపు వస్తుంది, కాంటాక్టులు మాడతాయి. పాత ఇళ్లలో ఐరన్ క్లాడ్ మెయిన్‌లు, అంటే పక్కన హ్యాండిల్ ఉండే ఇనప పెట్టెలు, ఇంకా ఉన్నాయి కదా, ఆ హ్యాండిల్ లోడు మీద లాగేటప్పుడు ముఖం ఎదురుగా పెట్టకూడదు, పక్కకు నిలబడి లాగాలి. మళ్లీ వేసేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు మెయిన్, తర్వాత గదుల ఎంసీబీలు ఒక్కొక్కటి, చివరికి లోడు.

ఆపాక, ఎవరూ మళ్లీ వేయకుండా చూడాలి. ఇది మనవాళ్లు అసలు పట్టించుకోని భాగం, ప్రాణాలు పోయేది కూడా ఇక్కడే. పెద్దపల్లి వైపు ఒక రైసుమిల్లులో ఎలివేటర్ మోటారు కనెక్షన్ చూస్తున్నాను. మెయిన్ నేనే ఆపి వచ్చాను. లోపల మోటారు టెర్మినల్ బాక్సు మూత తీసి, రెండు నట్లు విప్పి, మూడోదాని మీద స్పానర్ పెట్టబోతుంటే వెనక గదిలో దఢేల్ మని మెయిన్ వేసిన శబ్దం. వడ్లు దింపిన హమాలీ ఒకతను లైటు కోసం వేశాడు. నా స్పానర్‌కూ ఆ నట్టుకూ మధ్య జానెడు దూరం ఉంది. అతని తప్పేమీ లేదు. చీకటిగా ఉంది, స్విచ్ ఆఫ్‌లో ఉంది, వేశాడు. తప్పు నాది, చెప్పకుండా, కట్టకుండా వచ్చాను.

ఆ రోజు నుంచి నా దగ్గర ఒక చిన్న తాళం ఉంటుంది. మెయిన్ హ్యాండిల్‌కు బెజ్జం ఉంటే తాళం వేసి చెవి నా జేబులో వేసుకుంటాను. బెజ్జం లేని చోట కిట్‌క్యాట్ ఫ్యూజులు, అంటే చేత్తో పీకే పింగాణీ ఫ్యూజులు, ఉంటే పీకి అవి జేబులో వేసుకుంటాను. ఇంట్లో ఎంసీబీ అయితే దానికి తాళం వేసే చిన్న క్లిప్పులు బజార్లో దొరుకుతాయి. అదీ లేకపోతే లివర్ మీద గట్టిగా టేపు వేసి, "పైన పని జరుగుతోంది, వేయవద్దు" అని రాసి ఫోన్ నంబరు వేస్తాను. ఇంట్లో అందరికీ నోటితో కూడా చెబుతాను. ఇద్దరు ముగ్గురు పనిచేస్తుంటే ఎవరి తాళం వాళ్లదే. ఒకడి పని అయిపోయిందని రెండోవాడి తాళం తీయకూడదు.

తర్వాత పరీక్ష. కరెంటు లేదని తేల్చే ముందు, మీ టెస్టర్ పనిచేస్తోందని తేల్చాలి. కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి చూడాలి, తర్వాత పనిచేసే చోట చూడాలి, మళ్లీ కరెంటున్న చోట చూడాలి. ఇల్లంతా ఆపితే మూడోసారికి పక్కింటి సాకెట్ వాడుకోండి. అతి అనిపించొచ్చు. కానీ టెస్టర్ సరిగ్గా మధ్యలో చెడిపోవడం నేను కళ్లారా చూశాను, ప్రోబ్ వైరు లోపల తెగింది.

చవక నియాన్ టెస్టర్‌ను మాత్రం ప్రాణం మీద నమ్మకండి. దాని చిన్న దీపం మీ ఒంటి గుండా పోయే సన్నని కరెంటుతో వెలుగుతుంది. మీరు పొడి చెక్క స్టూలు మీద, రబ్బరు చెప్పులతో ఉంటే సరిగ్గా వెలగదు. కిటికీ వెలుతురులో వెలిగినా కనిపించదు. మరోవైపు, పక్కన నడుస్తున్న వైరు ప్రభావంతో చచ్చిన వైరు మీద కూడా మిణుకుమంటుంది. రెండు ప్రోబులున్న టెస్టర్ కొనుక్కోండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ, ఫేజుకూ ఎర్త్‌కూ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ, మూడు జతలూ చూడండి. డిజిటల్ మల్టీమీటర్ కొన్నిసార్లు చచ్చిన వైరు మీద 40, 60 వోల్టులు చూపిస్తుంది. దాన్ని దొంగ వోల్టేజీ అని కొట్టిపారేయకండి, కొద్దిపాటి లోడు తీసుకునే టెస్టర్‌తో మళ్లీ చూసి తేల్చుకోండి.

మెయిన్ ఆపినా చావని భాగం ఒకటుంది. మీటర్ నుంచి మెయిన్ దాకా వచ్చే వైర్లు, మెయిన్ పై టెర్మినళ్లు. అవి ఎప్పుడూ బతికే ఉంటాయి. మెయిన్ స్విచ్చే మార్చాలంటే డిపార్టుమెంటు వాళ్లు స్తంభం దగ్గర సర్వీసు వైరు విప్పాలి. అది మీరూ నేనూ చేసే పని కాదు, 1912కు ఫోన్ చేయండి. త్రీ ఫేజు ఉన్న ఇళ్లలో ఇంకో జాగ్రత్త: ఫేజులు మూడూ బతికి ఉండగా న్యూట్రల్ ఒక్కటీ విప్పితే, 230 వోల్టుల సామానుకు 400 దాకా అంటి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. మేడ మీద సోలార్ ఉంటే, ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ వైర్లను ఏ మెయిన్ కూడా చంపలేదు. ఏసీ కంప్రెసర్ కెపాసిటర్‌లో కరెంటు ఆపాక కూడా ఛార్జి మిగులుతుంది, దాన్ని రెసిస్టర్ ద్వారా దించి ముట్టుకోవాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా వదల్లేను. ఇన్వర్టర్, జనరేటర్ కరెంటు మీ ఇంట్లోనే ఆగదు. మెయిన్ ఆపకుండా, లైను కరెంటో జనరేటర్ కరెంటో ఒక్కటే కలిపే చేంజోవర్ స్విచ్ లేకుండా, రెండు వైపులా ప్లగ్గులున్న వైరుతో జనరేటర్‌ను సాకెట్‌లో గుచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ 230 వోల్టులు సర్వీసు వైరు మీదుగా వెనక్కి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎక్కుతాయి. 11 వేల వోల్టులను దించే ట్రాన్స్‌ఫార్మరే అటు నుంచి ఎక్కిస్తే పది వేల దాకా పెంచుతుంది. చాలాసార్లు పక్కిళ్ల లోడుకు జనరేటర్ ఆగిపోతుంది, కానీ ప్రతిసారీ ఆగదు. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ తీసుకుని, అంటే లైన్ క్లియర్ రాయించుకుని, లైను చచ్చిందని స్తంభం ఎక్కి ఉంటాడు. ఎల్‌సీ తీసుకున్నాక కూడా వాళ్లు పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించాలనేది ఇందుకే. ఎటు నుంచి ఎవరి కరెంటు వస్తుందో తెలియదు. ఎల్‌సీ తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలన్న నియమం కూడా నా జేబులోని తాళం చెవి లాంటిదే.

పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు వేసుకునే రైతన్నలు ఇది చదువుతుంటే వాళ్లకోసం. ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైను తెంచే ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగితే కరెంటు పోయిందనుకుంటాం. హ్యాండిల్ కింద ఉంటుంది, బ్లేడ్లు పైన ఉంటాయి. మా ఊరి చెరువు కింద ట్రాన్స్‌ఫార్మర్‌కు హ్యాండిల్ పూర్తిగా దిగింది. పైకి చూస్తే మూడు బ్లేడ్లలో రెండే తెరుచుకున్నాయి, మూడోది తుప్పుతో అతుక్కుని అలాగే ఉంది. అంటే ఒక ఫేజు బతికే ఉంది. ఆ సాయంత్రం ఫ్యూజు వేయడానికి వెళ్లిన మా చిన్నాన్నను నేను చెయ్యి పట్టుకుని ఆపాను. అందరికీ ఆపే మనిషి దొరకడు. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కకండి, లైన్‌మన్ వచ్చేదాకా మడి ఎండినా ఫర్వాలేదు. మోటారు దగ్గర మీ పని మీరు చేసుకునేటప్పుడు, ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు పోయిన సమయం చూసి చేయి పెట్టకండి. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. మెయిన్ దించి, ఫ్యూజులు పీకి, అప్పుడు ముట్టుకోండి.

ఇక మీ ఫ్యాన్ సంగతి. ఇన్వర్టర్, మెయిన్ రెండూ ఆపి, టేపు వేసి, ముందు చెప్పినట్టు టెస్ట్ చేశాక, ఆ రెండు నల్ల కొసలనూ మళ్లీ కలపాలి. చేత్తో మెలేసి టేపు చుట్టడం కాదు, స్క్రూ కనెక్టర్‌లో బిగించాలి. కొత్త ఫ్యాన్ న్యూట్రల్‌ను అదే కనెక్టర్‌కు విడిగా తగిలించండి. అప్పుడు రేపు ఫ్యాన్ తీసినా హాల్ దారి తెగదు. హాల్ ఫ్యాను, టీవీ వెలిగితే మన అంచనా నిజమే. చేయి వణుకుతుంటే మాత్రం మీరు ఎక్కకండి, పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇది చూపించండి. అతను వచ్చినప్పుడు ఒక్కో గది ఎంసీబీ ఆపి, ఆ గది న్యూట్రల్‌కు క్లాంప్ మీటర్ పెట్టి చూడమనండి. అంకె కనిపించిన ప్రతి చోటా న్యూట్రల్ కలిసిపోయినట్టే. వాటిని విడదీసి, ఏ సర్క్యూట్ న్యూట్రల్‌కు ఆ సర్క్యూట్ నంబరు డీబీలో, అంటే ఎంసీబీల డబ్బాలో, వేయించండి. విడదీయడం కుదరని చోట, ఆ ఫ్యాన్ బాక్సు మూత లోపల పెయింటు పెన్నుతో "హాల్ న్యూట్రల్ ఇందులో ఉంది" అని రాయించండి.